లియోనా పికప్‌కు మంచు బ్లేడు

తెల్లవారుజామున అయిదింటికల్లా లియోనా సిర్ అనే ఆమె ఊరి వృద్ధాశ్రమం వంటింట్లో పొయ్యి వెలిగించాలి. అక్కడున్న ముసలివాళ్ళలో సగానికి సగం బంగాళాదుంప రైతులు. పొద్దు పొడవకముందే లేచి పొలానికి పోయిన అలవాటు ఒంట్లోంచి ఇంకా పోలేదు. పోవడానికి పొలం లేదు గనక భోజనాల గదికి వచ్చి బల్లల ముందు కూర్చుంటారు. లియోనా వెళ్ళేసరికే ఇద్దరు ముగ్గురు చేతులు కట్టుకుని ఎదురుచూస్తుంటారు.

ఆమె ఇల్లు కెనడా సరిహద్దు నదికి పైన, కొండవాలు మీద ఉంది. రోడ్డు నుంచి ఇంటిదాకా కంకర బాట, మధ్యలో ఒక పెద్ద మలుపు, రెండు పక్కలా స్ప్రూస్ అనే సూదాకుల చెట్లు. మంచు పడితే ఆ బాటను లెవీ అనే అతను తన బండి ముందు కట్టిన పెద్ద ఇనుప బ్లేడుతో తోసి శుభ్రం చేసేవాడు. కానీ అతనికి ముందు బ్యాంకు, తరవాత ఆసుపత్రి, ఆ తరవాత చర్చి. లియోనా ఇంటికి వచ్చేసరికి ఏడు దాటేది. అందుకని మంచు పడ్డ ప్రతి రాత్రీ ఆమె మూడింటికే లేచి పారతో బాట తవ్వుకుని పనికి పోయేది. నడుము విరిగినా నోరు విప్పి ఎవరితోనూ అనలేదు.

పోయిన మార్చిలో ఒక తుపాను మాత్రం ఆమెను ఓడించింది. మలుపు దగ్గర మంచు నడుం లోతున పేరుకుంది. పార పక్కన పడేసి కాలినడకన రోడ్డెక్కి, అటుగా వచ్చిన ఎవరి బండో పట్టుకుని వెళ్ళేసరికి ఎనిమిదయింది. అప్పటికి ముసలివాళ్ళకు ఎవరో చల్లటి పాలూ ఎండు రొట్టే పెట్టారు. ఎవరూ ఆమెను పల్లెత్తు మాట అనలేదు. ఫిలోమెన్ అనే ముసలావిడ మాత్రం రొట్టెను పాలల్లో ముంచి, పళ్ళు లేని నోటితో నెమ్మదిగా నములుతూ, "వచ్చావా తల్లీ, నీకేమన్నా అయిందేమో అనుకున్నాం" అంది. ఆ మాట లియోనాకు తిట్టుకన్నా ఎక్కువ తగిలింది.

వెళ్ళి లెవీని అడిగింది.

"ముందు నా బాట తోసి, తరవాత బ్యాంకుకి పోరాదా?"

లెవీ పగలబడి నవ్వాడు. "నీ ఒక్కదాని కోసం ఊరు ఊరంతా ఆపమంటావా లియోనా? అంత తొందరగా ఉంటే నువ్వే ఒక బ్లేడు కట్టుకో."

"కట్టుకుంటా," అంది లియోనా. అతను దాన్ని కూడా నవ్వులాటే అనుకున్నాడు.

ఆమె భర్త ఆర్సెన్ పెద్ద లారీ నడిపేవాడు. మూణ్ణెల్లకోసారి ఇంటి మొహం చూస్తే గొప్ప. ఫోన్లో సంగతి చెబితే, "నేనొచ్చాక చూద్దాంలే" అన్నాడు. ఆర్సెన్ చెడ్డవాడు కాడు. వచ్చాక చూద్దామన్నవాటిలో వసారా మెట్లున్నాయి, పొగగొట్టం ఉంది, గాలికి కొట్టుకునే తలుపుంది. పొయ్యి పక్కన కుర్చీలో కూర్చుని మేజోడు అల్లుకుంటున్న అత్తగారు డెలీమా ఆ మాట విని తల కూడా ఎత్తలేదు.

"వాడు వచ్చాక చూస్తానన్నవన్నీ చూడ్డానికి వాడికింకో వందేళ్ళు కావాలే. నా కొడుకు నాకు తెలీదూ?"

"అయితే నేనే చూస్తా అత్తయ్యా."

"నువ్వా? చూద్దాం, చూద్దాం," అని డెలీమా సూదులు తిప్పుకుంది.

దుంపల కోతలయ్యాక, ఊళ్ళో అందరికీ కాస్త తీరిక చిక్కే అక్టోబరులో, ఎర్వే అనే రైతు గోదాం వెనక తుప్పల్లో పడి ఉన్న పాత బ్లేడొకటి లియోనా కంట పడింది. మందపాటి ఉక్కు, ఎనిమిది అడుగుల పొడుగు. అడగ్గానే ఎర్వే సంతోషంగా వదిలించుకున్నాడు. అంత సంతోషం ఎందుకో ఆమె అప్పుడు ఆలోచించలేదు. ట్రాక్టరుతో లాగించుకుని మరిది క్లోవిస్ షెడ్డుకు చేర్చింది.

క్లోవిస్ వెల్డింగు పనివాడు. ఎండాకాలంలో నిచ్చెన మీంచి పడి కుడి భుజం చెడగొట్టుకున్నాడు, చెయ్యి చెవిపైకి లేవదు. బ్లేడు చుట్టూ ఒకసారి, లియోనా చిన్న పికప్ చుట్టూ ఒకసారి తిరిగాడు.

"వదినా, ఇది ఊరి రోడ్లు తోసే లారీది. మేకపిల్ల మెడకి కాడి కడతానంటావేంటి?"

"ఇనుము మంచిది. ఇంకో యాభై ఏళ్ళు చావదు."

"బ్లేడు చావదు. బండి చస్తుంది."

"ముందు కట్టి చూద్దాం."

లియోనా ఒకటి అనుకుంటే క్లోవిస్ కాదు గదా, వాళ్ళమ్మ డెలీమా కూడా మార్చలేదు. రెండు ఆదివారాలు, చర్చిలో పూజ ముగియగానే, ఆ ఇనుముతో కుస్తీ పట్టారు. గొలుసులు వేసి, జాకీలు పెట్టి ఎలాగో బండి ముందు నిలబెట్టారు. లియోనా గొలుసు బిగించి బ్లేడు పైకి లేపి బండెక్కింది. బ్లేడు లేచింది గానీ బండి ముక్కు నేలకు వంగింది. వెనక చక్రాలు తేలికపడి, తోక ఎత్తిన కోడిలా నిలబడింది పికప్. స్టీరింగు తిప్పితే ముందు టైర్లు రేకుకు రాసుకుని కీచుమన్నాయి. షెడ్డు ముందు ఒక్క చుట్టు తిప్పి దింపేసి, కిందికి దిగి, నడుం మీద చేతులు వేసుకుని నిలబడింది.

క్లోవిస్ వంగి ముందు టైరు చూస్తున్నాడు.

"అను," అంది లియోనా.

"ఏమనను?"

"చెప్పాను కదా అని అను."

"చెప్పాను కదా."

"సరే. ఇప్పుడు విప్పుదాం, ఆ గొలుసు పట్టు."

విప్పాక ఆమె బండి తలుపు తీసి, ఆ తలుపు చట్రం మీద అంటించిన రేకు మీది అక్షరాలు వంగి చదివింది. ముందు ఇరుసు ఎంత బరువు మోయగలదో అందులో ఉంది. అది ముందే చదవాల్సిన సంగతి. ఆ రాత్రి ఆమెకు అన్నిటికన్నా మంట పెట్టింది అదే. అయినా పొద్దున్నే లేచి మళ్ళీ మొదలెట్టింది. వంటింటికి సరుకులు తెచ్చే మనిషిని, గుడ్లు తెచ్చే మనిషిని, ఆశ్రమంలో నర్సుల మొగుళ్ళను, ఎవరు కనబడితే వాళ్ళను అడిగింది. దక్షిణాన, ఒకప్పుడు స్వీడన్ నుంచి వలసొచ్చినవాళ్ళ ఊళ్ళో హెల్మర్ అనే అతని దగ్గర తేలికపాటి బ్లేడుందనీ, అతను పెద్ద బండి కొన్నాడు గనక దానికి అది చాలడం లేదనీ తెలిసింది. మందపాటి ఉక్కుకు తేలిక బ్లేడు, మార్పిడి. హెల్మర్ తక్కువ మాటల మనిషి. రెండూ చూశాడు, తలూపాడు, ఎక్కించుకోవడానికి సాయం పట్టాడు.

ఈసారి ఇంకో చిక్కొచ్చింది. బ్లేడు మోసే చట్రం బండి అడుగున బిగించాలి. ఆ చట్రానికున్న కన్నాలూ పికప్ అడుగు కన్నాలూ ఒక వేలెడు తేడాగా ఉన్నాయి. కొత్తవి వేయాలి. క్లోవిస్ చెయ్యి పైకి లేవదు. అందుకని లియోనా డ్రిల్లు మిషను పట్టుకుని, అట్టముక్క పరుచుకుని బండి కింద వెల్లకిలా పడుకుంది. క్లోవిస్ పక్కన బోర్లా పడుకుని టార్చి పట్టుకున్నాడు.

"నిటారుగా పట్టు వదినా. నొక్కకు, మిషన్నే తిననీ."

"నా మొహం మీద ఇనుప రజను రాలుతుంటే నువ్వు హాయిగా తిననీ అంటావు."

"కళ్ళద్దాలు పెట్టుకున్నావుగా."

"నోటికి పెట్టుకోలేదుగా!"

"అయితే నోరు మూసుకో. అందరికీ మంచిది."

చేతులు లాగేసి మధ్యలో రెండుసార్లు ఆగాల్సివచ్చింది. చివరి కన్నం పడ్డాక ఆమె కాసేపు అక్కడే పడుకుండిపోయింది. తరవాత ఒక్కొక్క బోల్టూ పెట్టి, బిగువు చాలగానే చప్పుడు చేసే పొడుగాటి స్పానరు టిక్కుమనేదాకా బిగించింది. నాలుగు రోజులు నడిపాక మళ్ళీ బిగించాలని క్లోవిస్ చెప్పాడు. ఇక తీగలు. బ్లేడు అడ్డం వచ్చి బండి లైట్లు కనబడవు గనక దానిపైన వేరే లైట్లు. బ్లేడును ఎత్తి దించే నూనె పంపుకు బ్యాటరీ నుంచి మందపాటి తీగ, స్టీరింగు పక్కకు మీటల పెట్టె. అంతా కలిపి మీట పైకి నొక్కితే బ్లేడు దబ్బుమని కిందికి పోయింది. కిందికి నొక్కితే పైకి లేచింది.

"అచ్చం మా అమ్మలా ఉంది," అన్నాడు క్లోవిస్.

లియోనా నవ్వాపుకోలేక, రెండు తీగలూ తారుమారు చేయడానికి మళ్ళీ బానెట్‌లోకి తల దూర్చింది. వెనక తొట్టిలో, చక్రాలకు వెనకగా ఇసుక బస్తాలు వేశారు. బండి ఈసారి సమంగా నిలబడింది. ముక్కు వంచలేదు, తోక ఎత్తలేదు.

మొదటి మంచు నవంబరులోనే పడింది, నేలింకా గడ్డకట్టకముందే. లియోనా ఉత్సాహంగా బ్లేడు నేలకు ఆనించి తోసింది. మంచుతోపాటు సగం బాటలోని కంకర గడ్డి మీదికి పోయింది. వెనక్కి తిప్పుకుంటూ బట్టలారేసే గుంజను గుద్దింది. అది మెల్లగా, మర్యాదగా వంగి పడుకుంది.

డెలీమా కిటికీ దగ్గరే ఉంది. లియోనా బూట్లు విప్పుకుంటుంటే అంది:

"ఆ గుంజ మా ఆయన పాతాడే."

"మళ్ళీ పాతుతాను అత్తయ్యా."

"ఎప్పుడూ వంకరే. పోనీలే, మంచి పనయింది." సూదులు మళ్ళీ అందుకుని, "పొయ్యి మీద సూపుంది, వేడిగా తాగు," అంది.

గుంజకన్నా కంకర సంగతే ఊళ్ళో ముందు పాకింది. ఆదివారం చర్చి మెట్ల మీద, పదిమంది ముందు, లెవీ అడిగాడు: "ఏం లియోనా, గడ్డిలో గులకరాళ్ళు సాగు చేస్తున్నావట?"

"అవును. పంట బాగుంటే నీకూ ఒక బస్తా పంపిస్తా."

ఇంటికొచ్చి బ్లేడు కిందుండే ఇనుప పాదాలు ఒక బొటనవేలి మందం దించింది, బ్లేడు అంచు కంకరను తాకకుండా. బాట అంచుల వెంట కర్రలు పాతి ఎర్ర గుడ్డలు కట్టింది. పెద్ద మంచు లేని రోజుల్లో కూడా పనినుంచి వచ్చి, చీకటి పడేలోగా ఖాళీ బాట మీద బ్లేడు ఎత్తుతూ దించుతూ, ఎడమకు కుడికి వాలుస్తూ సాధన చేసింది. బోల్టులు మళ్ళీ బిగించింది.

జనవరిలో అసలు తుపాను వచ్చింది. కెనడా వైపునుంచి గాలి రాత్రంతా ఊళపెట్టింది. లియోనా లేచి చూసేసరికి వసారా మెట్లు లేవు, ఎర్ర గుడ్డల కొసలు మాత్రమే కనబడుతున్నాయి. బండి వేడెక్కించి, బ్లేడు దించి, నేరుగా మంచులోకి నడిపింది. మలుపు దాకా బాగానే పోయింది. అక్కడ బ్లేడు నిండా ఒకేసారి తోయబోయేసరికి ఎదురుగా గోడలా లేచింది మంచు. బండి ఆగింది. చక్రాలు ఉన్నచోటే తిరిగాయి.

ఒక్క క్షణం ఆమెకు మార్చి నెల ఉదయం గుర్తొచ్చింది. తరవాత, "చాల్లే" అని తనకు తనే చెప్పుకుని, పార తీసుకుని దిగి, చక్రాల చుట్టూ తవ్వి, ఇసుక బస్తా ఒకటి కోసి చల్లింది. బండి వెనక్కొచ్చింది. ఈసారి ఆశపడలేదు. బ్లేడులో సగానికే మంచు తీసుకుని, ఒక పక్కకు వాల్చి, అంచు దాటేదాకా తోసి, ఎత్తి, వెనక్కొచ్చి, మళ్ళీ. రొట్టెను ముక్క ముక్కగా కొరికినట్టు కొరికింది ఆ మలుపును. కింద రోడ్డు దగ్గర ఊరి బండి తోసి పోయిన గడ్డల దిబ్బ రాయిలా ఉంది. దాన్నీ అలాగే, ఒక మూలనుంచి మొదలెట్టి తినేసింది. రోడ్డెక్కేసరికి వీపంతా చెమట.

వంటింటికి ఆ రోజు వచ్చింది ఆమె ఒక్కతే. పొయ్యి వెలిగించి, ఓట్స్ జావ పెట్టి, పెద్ద పెనం మీద ప్లాయ్ అనే అక్కడి అట్లు వరసగా పోసింది. వేడి అట్ల మీద వెన్న రాసుకుంటూ లూజే అనే ముసలి రైతు అడిగాడు:

"కొండ మీద నీ బాట ఎవరు తోశారమ్మాయ్?"

"నేనే పెద్దాయనా."

"ఓహో. బ్లేడు ఎంత పొడుగు?"

"ఆరున్నర అడుగులు."

"చాలదు," అన్నాడు లూజే.

"ఆ బండికి అదే ఎక్కువ," అన్నాడు పక్కాయన.

"నీ మొహం, నీకేం తెలుసు? ఎప్పుడన్నా తోశావా?"

అంతే. బరువైన బ్లేడు మంచిదా తేలికది మంచిదా, నేరుగా తోయాలా వాల్చి తోయాలా అని బల్ల బల్లంతా రేగింది. ఫిలోమెన్ చెవులు మూసుకుని ఇంకో అట్టు అడిగింది.

ఆర్సెన్ ఫిబ్రవరి మొదట్లో ఇంటికొచ్చాడు. ఇంటి ముందున్న పికప్ చుట్టూ తిరిగి, మోకాళ్ళ మీద వంగి అడుగున చూసి, బోల్టుల మీద బొటనవేలు పెట్టి రాశాడు. "క్లోవిస్ కన్నాలు బాగా వేశాడే" అన్నాడు.

"క్లోవిస్ టార్చి పట్టుకున్నాడు," అంది లియోనా.

ఆర్సెన్ లేచి నిలబడి ఆమె చేతుల వైపు చూశాడు. ఆ రాత్రి మంచు పడింది. తెల్లవారుజామున ఆమె కోటు తొడుక్కుంటుంటే అతను కూడా బూట్లు వేసుకుని వచ్చి, చెయ్యి చాచాడు.

"తాళాలివ్వు, నేను తోస్తాను. నువ్వు కాసేపు పడుకో."

"నాకు పనికి టైమవుతోంది. వస్తే పక్క సీట్లో కూర్చో."

కూర్చున్నాడు. మలుపు దగ్గర మాత్రం ఉండబట్టలేక, "కొంచెం వాల్చు..." అన్నాడు.

"వాల్చే ఉంది. ఆ పక్క కర్ర కనిపిస్తోందా చెప్పు."

ఆర్సెన్ అద్దం దించి, మంచులోకి తల బయటపెట్టి చూశాడు. "కనిపిస్తోంది. ఇంకో మూరెడు పోవచ్చు," అన్నాడు. లియోనా ఇంకో మూరెడు తోసింది.