జవానుకు వచ్చిన ఒక్క మాట

అరవైల్లో పెన్నకు వరదొచ్చి మేమంతా మిద్దెలెక్కినప్పుడు, పడవ తెచ్చిన మిలటరీ జవానుకు తెలుగు రాదు. పక్క మిద్దె మీద ఓ తల్లి బిడ్డను పిలుస్తుంటే విని ఒక్క మాట పట్టుకున్నాడు: "దా!" చేయి చాపి, ముసలివాళ్లనైనా సరే, అలాగే పిలిచేవాడు.

ఊరంతా "రండి" అని పిలిచే మా మామగారికి ఒళ్లు మండింది. "ఎవుర్నిరా దా అంటుండావు?" అని పడవెక్కనన్నారు. జవాను నవ్వి, ఆయన్ను ఎత్తుకెళ్లి పడవలో కూర్చోబెట్టాడు.

మమ్మల్ని దించి, మిగిలినవాళ్ల కోసం మళ్లీ వెళ్లాడు. చివరి మనిషిని గట్టెక్కించాక పడవ వరదలోకి కొట్టుకుపోయి తిరగబడింది. కళ్లనిండా బురదనీళ్లతో జవానుకు ఒడ్డెటో తెలియలేదు. అందరం తలా ఒకటి అరిచాం. అతనికి ఒక్కటీ అర్థం కాలేదు.

మామగారు నడుంలోతు నీళ్లలోకి దిగి, పైపంచ విసిరారు.

"దా నాయనా, దా!"

జవాను ఆ గొంతు వైపు ఈదాడు.