హేమావతి తూచిన నల్లపొడి

అయస్కాంతం ఉన్న గదిలోకి అడుగుపెట్టేముందు హేమావతి తలలోని పిన్నులు, పైటకున్న పిన్నీసు, చేతి గడియారం తీసి గుమ్మం బయట డబ్బాలో వేస్తుంది. పుదుచ్చేరి కాలేజీ ప్రయోగశాలలో చేరినప్పటినుంచి, ఆరేళ్లుగా ఇదే అలవాటు. అయస్కాంతం నడుమ పొడిని వేలాడదీసి తూచే త్రాసు సముద్రపు గాలికి కదలకుండా కిటికీలు మూసి, ఫ్యాను ఆపి, చెమట ముక్కు కొసకు జారినా తుడుచుకోకుండా, ముల్లు నిలిచేదాకా ఊపిరి బిగబట్టి ఉంటుంది. 1985 ఎండాకాలంలో ఆమె తూచింది లిథియం కోబాల్టు ఆక్సైడు స్ఫటికాల పొడిని. పొరల నడుమ లిథియం నిండుగా ఉన్నప్పుడు అయస్కాంతాన్ని ఇంచుమించు పట్టించుకోని ఆ నల్లపొడి, సగం లిథియం లాగేశాక దానివైపు మొగ్గింది. ప్రొఫెసరు పురుషోత్తమన్‌కు కోపం వచ్చింది.

"ఏంది హేమావతీ ఇది? యాడో ఇనుము కలిసింది. రేపు ప్యాపరు పంపల్ల, ఈ లెక్క కొట్టేయ్."

"ఇనుమయితే అయస్కాంతం బలం పెంచినంతగా లాగుడు పెరగదు, బలంతో భాగించిన ఈ లెక్క తగ్గాల గదా సార్? ఒక్క తూరి చూస్తా."

"తగ్గిందంటే పొడంతా చెడినట్టే, ఆరునెల్ల పనంతా పారేయల్ల. తెలుసా?"

"తెలుసు సార్."

ఆమె కరెంటుతో అయస్కాంతం బలం పెంచుతూ మూడుసార్లు తూచి, ప్రతిసారీ లెక్క కట్టింది. ఆయన వెనకే నిలబడ్డాడు. మొదటిదీ రెండోదీ ఒకటే వచ్చాయి. మూడోసారి ముల్లు ఎంతకీ నిలవలేదు. చివరికి నిలిచింది. అదే లెక్క. ఆ గుణం పొడిదే, ఇనుముది కాదు.

ఆయన మూడు లెక్కలూ మరోసారి చదివాడు. తర్వాత తన కుర్చీ ఆమెవైపు జరిపాడు.

"కూచో. ఈ ప్యాపరు నువ్వే రాయల్ల."

హేమావతి కూర్చుని, కలం తీసి, కాగితం పైన మొదట తన పేరు రాసింది.