మంగక్క మళ్లీ కొత్తగా చేరిన రోజు

పనిచోట ఎవరికి ఎంత మర్యాద దక్కుతుందో తెలుసుకునే పరిశోధన నాది. దానికోసం ఎండాకాలమంతా అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేటుకు తిరిగి తిరిగి కాళ్లు పీకేశాయి. ఇక చాలు బాబోయ్ అనుకుంటుంటే చూలైలోని తన ఇంటి నుంచి మంగక్క ఫోన్ చేసింది. "రేపు ఎవరిని పర్మనెంటు చేస్తారో చెప్తారంట మా. నన్ను తీసుకుంటారని సూపర్‌వైజరే అన్నాడు. నువ్వూ ఫ్యాక్టరీ కాడికి రా, ఆడనే టీ తాగుదాం."

మంగక్క ఒక విడిభాగాల ఫ్యాక్టరీలో కాంట్రాక్టు మనిషి. మిషన్ దగ్గర చేతులు ఎలా కాపాడుకోవాలో కొత్తవాళ్లకు క్లాసు చెప్పేది తనే. పర్మనెంటు అయితే ఒంట్లో బాగాలేక ఒకరోజు మానినా పని పోదు. ఆమెకు కావలసింది అంతే.

మర్నాడు మధ్యాహ్నం ఒంటిగంట దాటాక సెంట్రల్‌లో లోకల్ ఎక్కాను. టికెట్టు పది రూపాయల లోపే. ఆ వేళకు సీటు దొరుకుతుంది, గాలి మాత్రం దొరకదు. పట్టరవాక్కంలో దిగితే ఎస్టేటు దగ్గర. నేను ఫోన్‌లో తెలుగు మాట్లాడడం విని షేర్ ఆటో డ్రైవరు తనూ తెలుగులోనే, "ఏ గేటు మా? పర్మనెంటోళ్లదా, కాంట్రాక్టోళ్లదా?" అన్నాడు.

"తేడా ఏముంది?"

"చానా ఉండాది. కాంట్రాక్టోళ్ల గేటు కాడ నీడ కూడా లేదు."

నిజంగానే లేదు. షిఫ్టు వదిలేదాకా నిలబడేసరికి నెత్తి మాడిపోయింది. అందరికన్నా చివర మంగక్క వచ్చింది. మెడలో కొత్త కార్డు! నాకు ప్రాణం లేచొచ్చింది. "అయిపోయిందా అక్కా! టీ కాదు, స్వీటే ఇవ్వాలి!"

"కార్డే కొత్తది మా. కాంట్రాక్టరు మారినాడు. పాతోళ్లందరం ఇప్పుడే చేరినట్టు రాసుకున్నారు. పర్మనెంటుకు సర్వీసు చాలదంట. నేను ఇట్టా చేరడం ఇది నాలుగోసారి."

టీ కొట్టు బెంచీ మీద కూలబడ్డాం. "రేపు కొత్తోళ్ల క్లాసుకు రమ్మన్నారు. అది చెప్పేదే నేను గదా అంటే, సరే, చెప్పేసి నేర్చుకున్నట్టు సంతకం పెట్టు అన్నారు," అని నవ్వింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆమె టీ ఊదుకుని తాగి లేచింది.

"పోతా మా. రేపు లేటయితే బాగుండదు, మొదటి రోజు గదా."

తిరుగు రైల్లో కిటికీకి తల ఆనించానే గానీ నిద్ర పట్టలేదు. నా పరిశోధనలో ఎన్నేళ్ల సర్వీసు అని ఎవరిని అడిగినా, "ఇప్పుడే చేరినాం" అన్నవాళ్లే ఎక్కువ. వాళ్లలో నెరిసిన తలలు ఎన్నో. మీరూ ఇలాంటి పనిమీద అంబత్తూరు వెళ్తే ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఎన్నేళ్లయిందని అడగకండి, ఎన్నిసార్లు చేరారని అడగండి.