ఎక్కడ ఆగినవ్ బిడ్డా?

నిన్న నారాయణగూడలో ఒక బైండింగ్ దుకాణం ముందు నుంచి వెళ్తుంటే మైదాపిండి జిగురు ఉడుకుతున్న వాసన వచ్చింది. పురుగు పట్టకుండా అందులో కాస్త మైలుతుత్తం కలుపుతారు. అలవాటు లేనివాళ్లు ముక్కు మూసుకుంటారు. నేను ఆగిపోయి గుండెల నిండా పీల్చుకున్నాను. వెనక ఆటో అతను హారన్ కొట్టి కొట్టి విసుక్కుంటూ పక్కనుంచి పోయాడు. పదిహేనేళ్ల కిందట చిక్కడపల్లి సందులో, బాలమణి అక్క షాపులో, ఈ వాసన మధ్యనే నేను రాయడం నేర్చుకున్నాను. మీ గురువెవరని పాఠకులు అడుగుతుంటారు. పుస్తకాలు అద్దెకిచ్చే ఒక బైండర్ అని చెబితే నా వినయానికి ముచ్చటపడతారు. నాకు వినయం బొత్తిగా లేదు, అది నిజం కాబట్టి చెబుతాను.

అక్కది మహబూబ్‌నగర్ వైపు పల్లె. ఇళ్లు కట్టే పనికొచ్చిన అమ్మానాన్నల వెంట వచ్చి కవాడిగూడ బస్తీలో పెరిగింది. పెళ్లయ్యాక, బైండరైన భర్త కుట్టడానికి తెచ్చిన పుస్తకాల మీదే ఆమెకు అక్షరాలు నేర్పాడు. ఆయన పోయాక ఆ సూదీ దారంతోనే షాపు నడిపింది. ఆమెకు రెండు పద్ధతులుండేవి. కొత్త పుస్తకం రాగానే రంగుల అట్ట పీకేసి, మందపాటి అట్ట వేసి కుట్టి, పైన ఖాకీ కాగితం తొడిగేది. బొమ్మ చూసి, పేరు చూసి పుస్తకం ఎంచుకోవడం ఆమెకు గిట్టదు. రెండోది, పుస్తకం తిరిగిచ్చే ప్రతి ఒక్కరినీ “ఎక్కడ ఆగినవ్?” అని అడిగేది. వాళ్లు చదవడం మానేసిన పేజీ నంబరును చివరి తెల్లకాగితం మీద పెన్సిల్‌తో రాసేది. చివరిదాకా చదివినవాళ్లు మాత్రం ఆ కాగితం మీదే సంతకం పెట్టాలి. బడాయికి సంతకం పెట్టేస్తే కుదరదు, కథ మధ్యలోంచి ఏదో ఒకటి అడిగి పట్టేసేది.

నేను జనగామ వైపు నుంచి గ్రూప్స్ పరీక్షల కోచింగ్ కోసం అశోక్‌నగర్ హాస్టల్లో చేరినదాన్ని. గైడు మధ్యలో నవల పెట్టుకుని చదివి, చదివి, చివరికి నేనే ఒకటి రాశాను. ఇక పరీక్షలు రాయనని ఇంట్లో చెబితే పెద్ద గొడవయింది. నాన్న ఒక్క ఏడాది గడువిచ్చాడు. ఆలోగా నా పుస్తకాన్ని నలుగురూ చదివితే సరే, లేకపోతే సామాను సర్దుకుని ఊరికొచ్చి వాళ్లు చూపించిన ఉద్యోగంలో చేరాలి. ఉన్న డబ్బంతా పెట్టి అచ్చు వేయించి, మొదటి కాపీ అక్క చేతిలో పెట్టాను. నా కళ్లముందే అట్ట పర్రున చింపేసింది.

“అక్కా, దాని మీద నా ఫోటో ఉన్నది” అన్నాను.

“ఫోటో నువ్వుంచుకో. పుస్తకం నాకియ్యి” అంది.

నెల తిరక్కముందే వెళ్లి చివరి కాగితం చూశాను. ముప్పై ఒకటి, ముప్పై నాలుగు, ముప్పై ఒకటి, ఇరవై తొమ్మిది, మళ్లీ ముప్పై ఒకటి. ఒక్క సంతకం లేదు. నాకు తల కొట్టేసినట్లయింది. హాస్టల్ పిల్లలకు సాహిత్యం ఏం తెలుసక్కా అని రుసరుసలాడాను. అక్క జిగురు గిన్నె పక్కన పెట్టి నా వైపు చూసింది.

“పొద్దంత రాజ్యాంగం చదువుతుండ్రు, ఎకానమీ చదువుతుండ్రు. ఎంత కష్టమున్నా ఇడిసిపెడుతలేరు. నీదే ఎందుకు ఇడిసిపెట్టిన్రో అడగాలె గని, వాళ్లను తిడుతవేంది? ఆ పేజీ తీసి చదువు, నేను ఇంటుంట.”

ఆమె కుడుతుంటే నేను చదివాను. నా కథలో అమ్మాయి పెట్టె పట్టుకుని బస్టాండులో దిగుతుంది. పారిపోయి వచ్చింది, తన సొంత అక్క ఇల్లు వెతుక్కోవాలి. అక్కడ ఆమెను నిలబెట్టి నేను ఆ ఊరి చరిత్ర ఎత్తుకున్నాను, ఏకంగా పదకొండు పేజీలు. చదువుతున్నంతసేపూ అక్క సూది ఆగకుండా నడుస్తూనే ఉంది.

“ఆడపిల్ల బస్టాండుల నిలవడి ఎదురు చూస్తున్నది” అంది, దారం కొరుకుతూ. “ఆమె సంగతి చెప్పుమంటే నీకు తెల్సిందంత చెప్తున్నవ్. ఆ పిల్ల మీద కన్నా నీ మీద నీకే ప్రేమెక్కువున్నది బిడ్డా.”

కాకి పిల్ల కాకికి ముద్దు. కోపం వచ్చి పది రోజులు ఆ సందు మొహం చూడలేదు. పదకొండో రోజున ఆ పదకొండు పేజీలూ కొట్టేసి, అమ్మాయిని బస్టాండు నుంచి కదిలించాను. ఆమె నడవడం మొదలుపెట్టాక కథంతా మారిపోయింది. రోజూ మధ్యాహ్నం కొత్తగా రాసింది తీసుకెళ్లి షాపులో చదివేదాన్ని. అక్క మంచిదనీ చెడ్డదనీ అనేది కాదు. నేనే సూదిని చూడటం నేర్చుకున్నాను. అది నడుస్తూ ఉంటే ఇంటికెళ్లి మళ్లీ రాసేదాన్ని. ఒకరోజు, కథలోని అక్కాచెల్లెళ్లు తలుపుకు అటొకరూ ఇటొకరూ నిలబడి మాట్లాడుకునే చోట సూది ఆగింది. ఆగి గాలిలోనే ఉండిపోయింది. స్టవ్ మీద జిగురు మాడిన వాసన వచ్చింది.

“అక్కా, అడుగంటుతున్నది.”

“అంటనియ్యి. తర్వాతేమైందో చదువు.”

ఆ క్షణం నాకు కలిగిన ఆనందం తర్వాత ఏ శాలువా కప్పించుకున్నా కలగలేదు. మళ్లీ అచ్చు వేయించే స్తోమత లేక జిరాక్స్ కాగితాలనే అక్క పుస్తకంగా కుట్టి అరలో పెట్టింది. మూడో వారంలో మా వీధి వెనక హాస్టల్ వార్డెనమ్మ ఆ పుస్తకం చేతబట్టుకుని పోట్లాటకొచ్చింది. “నీ పుస్తకం పట్టుకొని మా పిల్ల కోచింగ్ల టెస్టుకు పోలే. వాళ్ల నాయనకు నేనేం చెప్పాలె?” అని దులిపేసింది. అక్క ఏమాత్రం తొణకలేదు. “అందుల ఏమున్నదో జర మీరే చదివి చెప్పున్రి, బాలేకుంటే చింపేస్త” అంది. వార్డెనమ్మ నాలుగు రోజుల తర్వాత వచ్చింది. అక్క మామూలు ప్రశ్నే అడిగింది. ఆమె పెన్ను అడిగి సంతకం పెట్టింది. మూలన కూర్చున్న నాకు కాళ్లు నేల మీద ఆనలేదు.

గడువు తీరిందని నాన్న నన్ను తీసుకుపోవడానికి వచ్చినప్పుడు ఆ చివరి కాగితం సంతకాలతో నిండిపోయి, అక్క మరో రెండు కాగితాలు అతికించి ఉంది. నాన్న నవలలు చదివే మనిషి కాదు. కాబట్టి అవే ఆయన ముందు పెట్టాను. ఒక్కొక్క సంతకం మీద వేలు ఆనించి చూశాడు.

“ఎవరు వీళ్లంత? నీ దోస్తులా?”

“నాకు తెల్వది నాన్నా. ఒక్కరిని గూడ చూడలే.”

“తెల్వనోళ్లే చదివిన్రా?” అన్నాడు. సాయంత్రం బస్సుకు ఒక్కడే వెళ్లిపోయాడు.

అక్క పోయి మూడేళ్లయింది. ఆ షాపులో ఇప్పుడు ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. నేను మాత్రం సంచిలో పెన్సిల్ లేకుండా ఏ సభకూ వెళ్లను. పోయిన నెల అశోక్‌నగర్‌లో నా కొత్త నవల మీద సభ జరిగింది. పొగడ్తలన్నీ అయ్యాక, “మీలో ఎవరైనా మధ్యలో ఆగారా? ఎక్కడ?” అని అడిగాను. వెనక వరసలో, ఒళ్లో కోచింగ్ ఫైలు పెట్టుకున్న అమ్మాయి లేచింది. “నూట పన్నెండుల ఆగిన మేడం.” వేదిక మీది పెద్దల ముఖాలు మాడిపోయాయి. నేను పెన్సిల్ తీసి నా కాపీ చివరి పేజీలో రాసుకుని, ఆమె ఫోన్ నంబరు తీసుకున్నాను. ఇంటికొచ్చి చూద్దును కదా, ఒక తల్లిని ఆస్పత్రి గేటు దగ్గర నిలబెట్టి నాకు తెలిసిందంతా చెబుతున్నాను. ఇన్నేళ్లొచ్చినా బుద్ధి రాలేదని నవ్వొచ్చింది. రెండో ముద్రణ కోసం ఆ అధ్యాయం తిరగరాసి, ముందు ఆ అమ్మాయికే పంపాను.

నిన్న ఆ జిగురు వాసన దగ్గర నిలబడి ఉండగానే ఫోన్ మోగింది. ఆమె మెసేజ్, రెండే మాటలు.

“ఆగలే మేడం.”