ఆ వీడియోలో గొంతు నాది కాదు

ఎనిమిదేళ్లుగా ఒక అబద్ధం నాతోపాటే బడికి వస్తోంది, నాతోపాటే ఇంటికి వస్తోంది. నిజానికి అది అబద్ధం కూడా కాదు. ఆ రోజు నేనన్న ప్రతి మాటా నిజమే. అదే నన్ను ఎక్కువగా తినేస్తోంది. నిజం చెప్పి ఒక మనిషిని ముంచవచ్చని నాకు ఆ రోజే తెలిసింది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో. నా పేరు మాత్రం అడగకండి.

అప్పుడు నాకు ఉద్యోగం కొత్త. పాకాల దాటి లోపలికి వెళ్తే వచ్చే ఒక ఊళ్లో, హైస్కూల్లో తెలుగు టీచరుగా వేశారు. తిరుపతిలో పుట్టి పెరిగినదాన్ని. బి.ఎడ్.లో పాఠం ఎలా ప్లాన్ చేసుకోవాలో నేర్పారు గానీ, ఏడో తరగతికి వచ్చినా ఒత్తులు చదవలేని పిల్లతో ఏం చేయాలో నేర్పలేదు. స్టాఫ్ రూములో అడిగితే, "కొత్తలో అందరూ ఇట్లే అడుగుతారు లేమ్మా" అని నవ్వేశారు.

అడగడానికి మనిషి దొరక్క ఫోను పట్టుకున్నాను. తెలుగు టీచర్ల గ్రూపులు ఉన్నాయని అప్పుడే తెలిసింది. ఒక దాంట్లో చేరితే అందులోంచి ఇంకొకటి. శ్రీకాకుళం వైపు నుంచి ఒక టీచరమ్మ ఒత్తులను అట్టముక్కల మీద విడివిడిగా రాసి ఆడించే పద్ధతి చెప్పింది. ఖమ్మం నుంచి ఒక మాస్టారు తన తరగతి గోడ ఫొటోలు పంపాడు. ఆదివారాలు వీడియో కాల్ పెట్టుకుని, ఆ వారం ఏ పాఠం దగ్గర తడబడ్డామో ఒకరికొకరం చెప్పుకునేవాళ్లం. ముఖం చూడని మనుషులు నన్ను టీచరును చేశారు. ఇది మాత్రం నిజం. దీన్ని కాదనను.

మరి ఎక్కడ తప్పిపోయాను? వాళ్ల మెప్పు రుచి మరిగినప్పుడా? నేను పెట్టిన పోస్టుకు ఎంతమంది లైకు కొట్టారో చూసుకోనిదే నిద్ర పట్టని స్థితికి ఎప్పుడు వచ్చాను?

నా ఏడో తరగతిలో మునీశ్వరి అని ఒక పిల్ల ఉండేది. కూలికి పోయే తల్లికి ఒక్కతే కూతురు. లెక్కలు నోటితో చెప్పేది, పాట వింటే వెంటనే పట్టేది. పుస్తకం తెరిస్తే మాత్రం బిగుసుకుపోయేది. ఆ పిల్ల దగ్గర కూర్చునే ఓపిక ఉన్నది ఒక్క లతకే. లత ఆ ఊరి అమ్మాయే, డిగ్రీ చదివి మా బడిలో వాలంటీరుగా చేస్తుండేది. మధ్యాహ్నం అన్నాలయ్యాక వెనకబడిన పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని చదివించేది. మునీశ్వరి ఆమె కొంగు వదిలేది కాదు.

ఆ పిల్ల గురించి గ్రూపులో అడిగాను. ఎలా చదువుతుందో చూస్తే గానీ చెప్పలేమన్నారు. ఒక మధ్యాహ్నం పక్క బెంచీ మీద జవాబు పత్రాలు దిద్దుతున్నట్టు కూర్చుని, పుస్తకాలకు ఫోను ఆనించి వీడియో తీశాను. పిల్లకు చెప్పలేదు. లతకూ చెప్పలేదు. తీస్తున్నది మంచికే కదా, చెప్పకపోతేనేం అనుకున్నాను.

వీడియోలో మునీశ్వరి ముఖం స్పష్టంగా ఉంది. 'రాష్ట్రం' అన్న మాట దగ్గర ఆగింది. "రా... రా..." అంటూ పెదవులు కొరుక్కుంది. కనబడని ఒక ఆడగొంతు మెల్లగా, "ఊఁ, చదువు" అంటుంది. ఆ గొంతు లతది.

గ్రూపులో పెట్టాను. మంచి సలహాలే వచ్చాయి. అక్కడితో ఆగి ఉంటే ఈ మాటలు రాసే పనే ఉండేది కాదు. కానీ వాటితోపాటు, 'ఇలాంటి టీచర్లు ఉండబట్టే' అంటూ పొగడ్తలు వచ్చాయి. ఆ సాయంత్రమే ఆ వీడియోను నా పేజీలో అందరికీ కనబడేలా పెట్టాను. ఆ పేజీకి నా పేరు లేదు, ఒక మారుపేరు ఉండేది. పైన ఒక వాక్యం రాశాను: 'ఏడో తరగతి. ఇదీ మన చదువు.'

ఎందుకు రాశాను? పిల్ల కోసమా? కాదు. నా కోసం.

రెండు రోజుల్లో అది నా చేయి దాటిపోయింది. ఎవరో దానికి నవ్వుల శబ్దం కలిపారు. సర్కారు బళ్లను తిట్టేవాళ్లు పంచుకున్నారు, టీచర్లను తిట్టేవాళ్లు పంచుకున్నారు. భయపడి పేజీయే తీసేశాను. అప్పటికే అది ఊరికి చేరింది. బస్టాపులో మగపిల్లలు మునీశ్వరిని చూసి "రా... రా... రాష్ట్రం" అని అరిచేవాళ్లు. చివరికి ఆ పిల్ల పేరే 'రాష్ట్రం' అయిపోయింది.

వాళ్లమ్మ పిల్లను వెంటబెట్టుకుని బడికి వచ్చింది. హెడ్మాస్టరు గదిలోకి లతను, నన్ను పిలిచారు. పిల్ల వరండాలో నిలబడింది.

"మా బిడ్డని ఊరంతా ఎగతాళి సేస్తా ఉండారు సార్," అంది ఆమె. ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు తేలికయ్యేదేమో. "యాడికి పోయినా అదే మాట. మీ బళ్లో తీసిందే గదా ఇది?"

హెడ్మాస్టరు ఫోనులో ఆ వీడియో పెట్టారు. "ఊఁ, చదువు." గదిలో అందరం లత వైపు చూశాం. నేను కూడా చూశాను. అవును, నేను కూడా.

"గొంతు నాదే సార్. కానీ నేను తీయలా," అంది లత.

హెడ్మాస్టరు నా వైపు తిరిగారు. "నువ్వూ ఆడనే ఉంటావు గదమ్మా. నీకేమన్నా తెలుసునా?"

నా ప్రొబేషన్ ఇంకా పూర్తి కాలేదు. సస్పెన్షన్ అన్న మాట చెవిలో మోగుతోంది. నాకు ఉద్యోగం వచ్చిందని వీధంతా లడ్డూలు పంచిన మా నాన్న కళ్ల ముందు కనబడ్డాడు. ఇవన్నీ సాకులని నాకు తెలుసు. నా గొంతు ఎంత మామూలుగా పలికిందో ఇప్పటికీ నమ్మలేను.

"లత అప్పుడప్పుడు పిల్లల వీడియోలు తీస్తుంటుంది సార్," అన్నాను.

నిజమే. పిల్లలు ఎంత మెరుగయ్యారో వాళ్లకే చూపించడానికి తీసేది. చూపించి తుడిచేసేది. ఆ రెండో సగం నేను చెప్పలేదు.

లత నా ముఖంలోకి చూసింది. మర్నాటి నుంచి ఆమెను బడికి రావద్దన్నారు హెడ్మాస్టరు.

బయటికి వస్తే మునీశ్వరి నా చీర చెంగు పట్టుకుంది. "లత టీచరే తీసిందా టీచర్?"

కాదు అనడానికి ఎంతసేపు పడుతుంది? ఆ పిల్ల తల నిమిరి, "ఇంక మర్చిపోమ్మా," అన్నాను.

ఆ ఏడాది పరీక్షలయ్యాక మునీశ్వరి మళ్లీ బడికి రాలేదు. నగరిలో వాళ్ల అత్త దగ్గరికి పంపేశారని విన్నాను. నేను కొత్త పేజీ తెరిచాను. పిల్లల ముఖాలు పెట్టడం మానేశాను గానీ, మెల్లగా పేరు తెచ్చుకున్నాను. కొత్త టీచర్లకు ఆన్‌లైన్లో తోటివాళ్లను ఎలా కూడగట్టుకోవాలో చెప్పమని శిక్షణలకు పిలవడం మొదలుపెట్టారు. ఈ మధ్య తిరుపతిలో అలాంటి సభలోనే, పిల్లల అనుమతి లేకుండా వీడియోలు పెట్టొద్దని గట్టిగా చెప్తుంటే ఒక కొత్త టీచరమ్మ లేచింది. "మీకెప్పుడైనా అట్లా జరిగిందా మేడం?"

"లేదమ్మా," అన్నాను.

చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు వింటూ కూర్చోలేకపోయాను.

లత తిరుచానూరులో ఒక లాడ్జి కౌంటరులో ఉంటోందని కనుక్కుని వెళ్లాను. యాత్రికులకు గది తాళాలు ఇస్తూనే నేను చెప్పిందంతా వింది. ముఖంలో కోపం లేదు. ఆశ్చర్యమూ లేదు.

"నాకు సెప్తే ఏమొస్తాది మేడం?" అంది. "నాకు ఆ పొద్దే తెలుసు. ఆ బిడ్డ ఇంకా నేనే అనుకుంటా ఉండాది. పోయి ఆమెకి సెప్పండి."

వాళ్లమ్మను అడిగి, నగరిలో మునీశ్వరి పనిచేసే మరమగ్గాల షెడ్డుకు వెళ్లాను. లోపల అడుగుపెడితే నా అడుగుల చప్పుడు నాకే వినపడలేదు. ఆమె ఎదిగిపోయింది, అయినా గుర్తుపట్టాను. ఆమె కూడా నన్ను గుర్తుపట్టి నవ్వింది. ఆ నవ్వు చూస్తూ చెప్పడం మొదలుపెట్టాను.

"వినపళ్లా టీచర్. గట్టిగా సెప్పండి," అని చెవి దగ్గర చేయి పెట్టుకుంది.

మెల్లగా చెప్పి తప్పుకుందామని వచ్చినదాన్ని. గొంతు చించుకుని అరిచాను. "ఆ వీడియో తీసింది నేను! లత కాదు! నేనే!"

పక్క మగ్గాల దగ్గర ఆడవాళ్లు తలలు తిప్పారు. మునీశ్వరి తన మగ్గం ఆపేసింది. నన్ను తిడుతుందనుకున్నాను. ఎందుకు చేశావని అడుగుతుందనుకున్నాను. దానికి జవాబు కూడా బస్సులో తయారు చేసుకున్నాను.

"లత టీచర్ నంబరుందా మీ దగ్గర?" అని మాత్రం అడిగింది.

చెప్పాను. ఫోనులో కొట్టుకుంది. "తిరుచానూర్లో ఒకసారి ఎదురుపడి, పేరు పెట్టి పిలిచింది," అంది, నాతో కాదు, ఆ ఫోనుతో. "నేను మొగం తిప్పుకోని పోతిని."

తరువాత మగ్గం మళ్లీ ఆన్ చేసింది. నన్ను పొమ్మనలేదు, ఉండమనలేదు. కాసేపు నిలబడి బయటికి వచ్చాను. క్షమించమని అడగలేదు. అడిగితే అది కూడా నా కోసమే అయ్యేది.

అరిచిన అరుపుకి గొంతు బొంగురుపోయింది. ఇంటికి వస్తే గొంతుకేమైందని ఇంట్లోవాళ్లు అడిగారు. వాళ్లను కూర్చోబెట్టి, మొదటి నుంచీ చెప్పాను.