గుంజుడు లేని చోటు

మునిమనవడికి స్ప్రింగు ఉయ్యాల కట్టారు. అది దిగి లేచినప్పుడల్లా కిర్రుమంటోంది. మధ్యాహ్నం కునుకు ఎలాగూ పట్టలేదు, ఉప్పల్‌లో మా పక్కింటి రత్నమ్మ టీచర్ని తలుచుకుంటూ పడుకున్నాను.

ఆమె నాచారంలో ఆడపిల్లల బడిలో ఫిజిక్సు చెప్పేవారు. భర్త పోయాక ఇంటి బరువంతా ఆమెదే. సాయంత్రం బస్సు దిగేసరికి ఒళ్లు హూనమయ్యేది, అయినా తలుపు తట్టిన పిల్లను ఎన్నడూ పొమ్మనలేదు. ఒక ఏడు నేను బడి చివరి పరీక్షలో ఫిజిక్సు తప్పాను. రైల్వేలో పనిచేసే మా నాన్న, మళ్లీ తప్పితే చదువు చాలించి ఏదైనా ఫ్యాక్టరీలో పని చూసుకోమన్నారు. చదువు పోతుందన్న దిగులుతో అన్నం సయించక, పుస్తకం పట్టుకుని ఆమె ఇంటికి వెళ్లాను.

కిటికీ ఊచకు స్ప్రింగు తగిలించి, దానికో తూకపురాయి కట్టి ఆడించారు. అప్పజెప్పడంలో నన్ను మించినవాళ్లు లేరు. రాయి కింది చివర క్షణం ఆగుతుంది కాబట్టి అక్కడ త్వరణం సున్నా అని గడగడా చెప్పాను. పరీక్షలో రాసిందీ అదే. ఆమె కోప్పడలేదు. రాయిని కిందిదాకా లాగి, కదలకుండా పట్టుకోమన్నారు. కాసేపటికి నా వేళ్లు నొప్పి పెట్టాయి.

“ఆగిందంటివి గదా. మరి నీ చెయ్యిని ఎవరు గుంజుతున్నరు?”

స్ప్రింగు అన్నాను.

“ఇడిసిపెడితే పైకురుకుతది. గదే త్వరణం. ఆగినంత మాత్రాన అయిపోయినట్టు గాదు బిడ్డా.”

తర్వాత నా చేతిని మెల్లగా పైకి తెచ్చారు. నడుమకు వచ్చేసరికి ఏ లాగుడూ లేదు. రాయి తనంతట తాను ఊరికే వేలాడుతోంది. ఆమె చాయ్ పెడతానని లేవబోయి, లేవలేక అలాగే కూర్చుండిపోయారు.

రెండోసారి గట్టెక్కాను. చదువు ముగించి ఆ బడిలోనే టీచరునయ్యాను. కొన్నేళ్లకు ఆమె జబ్బుపడి దవాఖానాలో చేరారు. చూడటానికి వెళ్లి, మళ్లీ లేచి బడికొస్తారని, ఆగితే అయిపోయినట్టు కాదని మీరే చెప్పారని అన్నాను. ఆమె చాలాసేపటికి కళ్లు తెరిచారు.

“గది కిందికొచ్చి ఆగినోళ్లకు. నేను నడిమిట్ల ఆగిన బిడ్డా. ఇగ ఏదీ గుంజుతలేదు. జర పండుకోనియ్యి.”

అంత సులువుగా ఆశ వదిలేసుకున్నందుకు ఆమె మీద కోపం వచ్చింది. బస్సులో ఉప్పల్ దాకా ఏడుస్తూనే ఉన్నాను.

ఇప్పుడు నా వయసు ఆమె పోయినప్పటి వయసు దాటిపోయింది. అలసి కూలబడినప్పుడల్లా, లోపల ఇంకా ఏదైనా గుంజుతోందా అని చూసుకోవడం అలవాటైంది. ఇన్నేళ్లూ ఏదో ఒకటి గుంజుతూనే వచ్చింది. ఈ మధ్య వెతుక్కోవాల్సి వస్తోంది.