కుడిచేతికి పొడుగు గోడ

నౌకరీ కొత్తగా దొరికిన రోజుల్లో మనిషికి తన ఇల్లు తనకే నచ్చదు. భైంసా దగ్గర మా ఊరి బడిలో పంతులుగా చేరగానే, పశువుల కొట్టం తలుపు వాకిలి వైపు ఉండటం నాకు నామోషీగా తోచింది (బడి పెద్దసారు ఇంటికొస్తే? ఆయన ఎన్నడూ రాలేదు, అది వేరే సంగతి). బాపు పత్తి బండితో భైంసా పోయిన రోజు చూసి, ఆ తలుపు పీకించి, ఆ సందు పూడ్పించి, ఎదురుగోడకు, పెరటి వైపు, పెట్టించాను.

సాయంత్రం మేత నుంచి బర్రె వచ్చింది. రోజూ అది లోపలికి రాగానే పొడుగు గోడను కుడివైపు ఉంచుకుని చివరి మూలదాకా నడిచేది. అక్కడ భూమిలో సగం పాతిన కుడితి గోలెం ఉండేది. అందులో మూతి ముంచితేనే పాలు చేపేది. ఆ రోజు కొత్త తలుపులోంచి వచ్చి, ఎడమపక్కనే ఉన్న గోలెం దాటుకుని, కుడి గోడ వెంట చివరికి పోయి, ఖాళీ మూలకు మొహం పెట్టి నిలబడింది. తాడు పట్టి లాగాను. గుర్తుగా గోలెం పైన అవ్వ ఎర్రచీర వేలాడదీశాను ("నా చీరెందుకురా, అదేమన్న పెండ్లికొచ్చిందా?"). బయటికి తోలి మళ్ళీ తెస్తే మళ్ళీ అదే మూల. కోపం ఆగక రెండు దెబ్బలు వేశాను.

ఇంట్లో అక్క చంటివాడు ఏడుస్తున్నాడు. అక్కకు పాలు చాలక వాడికి ఈ బర్రె పాలే ఆధారం. "తమ్మీ, నీ తలుపు సల్లగుండ, పోరడు గుక్కవడుతుండు. జర జల్ది చెయ్యి!" కుడితి పోసిన చప్పుడుకైనా బర్రె తిరుగుతుందని, కుండ భుజానికెత్తుకుని కొట్టంలోకి దూరాను. ఆ తొందరలో నా కాళ్ళూ రోజటి దారే పట్టాయి. కుండ వంచాక చూస్తే బర్రె పక్కన, ఖాళీ మూలలో, నా పాదాల మీద కుడితి!

తలుపు దగ్గర అక్క పరేషాన్ మరిచి పకపకా నవ్వింది. "అవ్వా, రెండోది గూడ గాడ్నే నిలవడ్డది!"

అప్పుడు తట్టింది. తలుపు మారింది గానీ కొట్టం ఆకారం మారలేదు. ఎటు నుంచి దూరినా కుడిచేతికి పొడుగు గోడే. గడ్డపారతో గోలెం తవ్వి ఆ మూలకే దొర్లించాను. బర్రె మూతి ముంచింది, చేపింది. పిల్లవాడి ఏడుపు ఆగింది.

తెల్లారి బాపు వచ్చి అంతా చూసి, "పంతులూ, తలుపైతే అయింది. మమ్ముల గూడ మారుస్తవా?" అన్నాడు.

ఇప్పుడు ఆ కొత్త పంతులు గుర్తొస్తే, కుడితి కాళ్ళతో ఎంత బుద్ధిగా నిలబడ్డాడో అని నవ్వొస్తుంది. ఆ దెబ్బల దగ్గర మాత్రం నవ్వు ఆగుతుంది. ఇద్దరం ఒకే తప్పు చేశాం. నన్నెవరూ కొట్టలేదు.